మందు చుక్క

మా వదిన తాగుబోతని కంపెనీ గేటు దగ్గర నోటీసు పెట్టారు. మామూలు కాగితమైతే నాలుగు రోజుల్లో ఎండకు వెలిసి, వానకు నాని ఊడిపోయేది. వీళ్లు అలా వదల్లేదు. కాగితానికి రెండు వైపులా పాలిస్టర్ ఫిల్మ్ వేసి, వేడి రోలర్ల మధ్య పంపించి, నాలుగు మూలలా మేకులు కొట్టి మరీ పెట్టారు. ఆ ఫిల్మ్ మేం తయారు చేసిందే. నీళ్లు పట్టదు, గోరు పెట్టి గీకినా రాదు. ఇరవై రెండేళ్లు ఆ ఫిల్మ్ బాగోగులు చూసిన మనిషి పరువు తీయడానికి వీళ్లకు మళ్లీ ఆ ఫిల్మే కావలసి వచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నాకు రాయడం చేతకాదు. అదే కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పదకొండేళ్లు రోల్స్‌కు అట్టలు చుట్టాను, అంతే నా చదువు. ఆవిడ మా ఆయనకు అక్క. ఒకే ఇంట్లో ఉంటాం, ముందు గది ఆవిడది, వెనక రెండు గదులు మావి. ఈ గొడవలో నా నోరు చేసిన నిర్వాకం కూడా ఉంది. అది దాచేసి వాళ్లనే తిట్టిపోస్తే నాకూ వాళ్లకూ తేడా ఉండదు.

పాలిస్టర్ ఫిల్మ్ అంటే ఏమిటని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. దాన్ని ముట్టుకోకుండా వాళ్లకు ఒక్క రోజు కూడా గడవదు మరి. తడి చేతులతో పీకి, గోళ్లతో గిల్లి, చివరికి పళ్లతో కొరికి తిట్టుకుంటూ చింపుతారే షాంపూ పొట్లం, దాని పైపొర అదే. కాఫీ పొడి పొట్లం లోపల వెండిలా మెరిసేదీ అదే. మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద ఉంటుంది. ఫ్యాను మోటారులో రాగి తీగ ఇనుముకు తగలకుండా మధ్యలో కూర్చునేది అదే, ఎందుకంటే కరెంటును అది దాటనివ్వదు, వేడెక్కినా అంత తొందరగా మెత్తబడదు. ఒకప్పుడు పాటల క్యాసెట్లలో గిరగిరా తిరిగిన టేపు కూడా అదేనని చెబితే మా పక్కింటావిడ నమ్మనే లేదు. తల వెంట్రుక కంటే పలచన. రెండు చేతులా పట్టి లాగితే మన చేతులు కోసుకుపోతాయి తప్ప అది తెగదు. అంచున చిన్న గంటు పడిందా, ఇక చివరిదాకా సర్రున చీలిపోతుంది. ఎండాకాలం పొడి గాలిలో తిరుగుతున్న రోల్ పక్కన నిలబడితే చేతి మీద రోమాలు లేచి నిలబడతాయి. కొత్తగా వచ్చినవాళ్లను రోల్ ముట్టుకోమని చెప్పి, చురుక్కుమని షాక్ కొట్టి వాళ్లు ఎగిరి గంతేస్తే నవ్వుకోవడం మాకు అలవాటు.

ఇన్ని మంచి గుణాలున్నా దానికో తిక్క ఉంది. ఏదీ ఒక పట్టాన అంటదు. దాని మీద రంగు అద్దితే ఆరినట్టే ఆరి, టేపు అంటించి లాగితే పెచ్చులుగా వచ్చేస్తుంది. అందుకని రోల్ చుట్టే ముందు ఫిల్మ్‌ను ఒక ఇనప కడ్డీ కింద నుంచి పంపిస్తారు. ఆ కడ్డీ నుంచి ఊదారంగు కరెంటు వెలుగు చిటపటలాడుతూ ఫిల్మ్ ఒక ముఖం మీద పడుతుంది. అలా పడిన వైపే రంగు పట్టుకుంటుంది. దాన్ని మా దగ్గర కాల్చిన ముఖం అంటారు, రెండోది పచ్చి ముఖం. కాల్చిందంటే నల్లబడి ఉంటుందనుకునేరు. రెండు ముఖాలూ అచ్చం ఒకేలా ఉంటాయి. ఎంత కళ్లు చించుకుని చూసినా ఏది ఏదో తెలియదు.

అది తేల్చడమే మా వదిన పని. దానికో చిన్న నల్ల సీసా ఉంటుంది, అందులో ఎర్రటి ద్రవం. కాల్చిన ముఖం మీద ఒక చుక్క వేసి దూదిపుల్లతో పామితే పలచగా పరుచుకుని అలాగే నిలుస్తుంది. పచ్చి ముఖం మీద పామితే క్షణంలో ముడుచుకుపోయి చిన్న చిన్న పూసలైపోతుంది. చుక్క నిలిచిన వైపు వదిన తన గుండ్రటి ఆకుపచ్చ స్టిక్కరు అంటిస్తుంది, దాని మీద ఏడో నంబరు. ఆ స్టిక్కరు చూసి రంగు అద్దేవాళ్లు మళ్లీ పరీక్ష కూడా చేసుకోకుండా రోల్‌ను మెషీన్‌కు ఎక్కించేస్తారు. ఆ ద్రవానికి పెద్ద పేరేదో ఉంది, సీసా మీద రాసుంటుంది, ఎవరికీ నోరు తిరగదు. మా దగ్గర సీసాలో ఉన్న ప్రతిదీ మందే. తుప్పుకు ఒక మందు, మరకలకు ఒక మందు, ఇది పరీక్ష మందు. వదిన మందు చుక్క వేస్తుంది కాబట్టి ఆవిడకు చుక్కమ్మ అని పేరు పడింది. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా వినబడదు.

ఇక హాస్యాలకు కొదవేముంది? పొద్దున్న ఆరింటికి షిఫ్టు మొదలవగానే సూపర్‌వైజర్ అటుగా వచ్చి, చుక్కమ్మా, మందు చుక్క పడిందా అని అడిగేవాడు. పడింది, నీకూ ఒక గ్లాసు పొయ్యమంటావా అనేది వదిన. మెషీన్ల మోతలో కూడా వినబడేలా అందరూ నవ్వేవాళ్లు. ఏళ్ల తరబడి రోజూ అదే ప్రశ్న, అదే జవాబు, అవే నవ్వులు. పెళ్లెందుకు చేసుకోలేదని నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో అడిగాను. వచ్చిన ప్రతివాడి మీదా చుక్క వేసి చూశానే, ఒక్కడి మీదా నిలవలేదు అంది. నిజం అది కాదని తర్వాత తెలిసింది. మామగారు పోయేనాటికి మా ఆయన ఏడో తరగతి. తమ్ముడి చదువు, ఇంటి ఖర్చు అన్నీ పంతొమ్మిదేళ్ల పిల్ల నెత్తిన పడ్డాయి. ముందు అంచు కత్తిరింపులు ఊడ్చే పని ఇచ్చారు. అప్పటి పరీక్షకుడు, ముసలాయన, రిటైరయ్యే ముందు ఈవిడను పిలిచి సీసా చేతికిచ్చాడట. ఎవరు తొందరపెట్టినా, ఎంత పెద్దవాడు చెప్పినా, చూడకుండా స్టిక్కరు వెయ్యకని ఒకే ఒక్క మాట చెప్పాడట.

ఆ మాటను వదిన పట్టుకున్న పట్టు చూస్తే ఒక్కోసారి నాకే విసుగొచ్చేది. గేటు దగ్గర లారీ హారన్ కొడుతున్నా కదిలేది కాదు. ఒకసారి చుక్క నిలవడం లేదని మొత్తం లోడు ఆపేసింది. మేనేజరు వచ్చి గొంతు చించుకున్నాడు. అయితే మీరే వెయ్యండి సార్ స్టిక్కరు, కింద మీ పేరు రాయండి అని చెప్పి చేతులు కట్టుకు నిలబడింది. చూస్తే కడ్డీ మీద తొడుగు చిట్లి, కరెంటు వెలుగు సగమే పడుతోంది. ఇంట్లోనూ అంతే. పాలవాడు నీళ్లు కలుపుతున్నాడో లేదో, టైలరు కుట్టు రెండుసార్లు వేశాడో లేదో, అన్నీ తిరగేసి మరగేసి చూసేది. నేను గ్యాసు సిలిండరు తీసుకుని సంతకం పెడితే, తూకం చూశావా అని అడిగేది. చాదస్తం వదినా అని నేను నవ్వేదాన్ని.

ఈ గొడవకు మూలమైన రోజు వదిన మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసింది. రెండో షిఫ్టు పరీక్షకుడు సెలవు. కరెంటు కడ్డీ మళ్లీ పాడైంది. మందుల పొట్లాలు అచ్చువేసే ఒక ప్రింటరుకు పదమూడు రోల్స్ సాయంత్రంలోగా వెళ్లాలి. సూపర్‌వైజర్ ఏం చేశాడో తెలుసా? కడ్డీ ఆపేసి, ఫిల్మ్‌ను పచ్చిగానే చుట్టించి, వదిన సొరుగులోంచి ఏడో నంబరు స్టిక్కర్లు తీసి తన చేత్తో అంటించి లారీ ఎక్కించాడు. ఇదంతా మాకు చాలా తర్వాత, మెషీన్ నడిపే కుర్రాడు చెబితే తెలిసింది. అప్పటికి మాకు తెలిసిందల్లా నెల తిరక్కుండానే ఆ రోల్స్ వాపసు వచ్చాయని. పొట్లాల మీద అచ్చు, మందు పేరు, వాడాల్సిన గడువు తేదీతో సహా, వేలితో రుద్దితే ఊడి వస్తోందట. రోగి చేతికి పేరు లేని మాత్రలు వెళ్లేవి. ప్రింటరు తొందరగా కనిపెట్టాడు కాబట్టి సరిపోయింది.

ప్రతి రోల్ మీదా ఏడో నంబరే ఉంది. వదినను ఇంటికి పంపేసి విచారణ అన్నారు. విచారణకు హెడ్డాఫీసు నుంచి ఒక దొర దిగాడు. మన భాష అంతంతమాత్రమే వచ్చు. వచ్చిన ఆ నాలుగు ముక్కలూ ఏ బారులో కూర్చుని నేర్చుకున్నాడో, అవి మాత్రం బాగా వంటబట్టాయి. వాపసు వచ్చిన రోల్స్ తెప్పించండి, అందరి ముందూ పరీక్ష చేస్తాను అని వదిన మొదటి రోజే అడిగింది. అవసరం లేదు, స్టిక్కరు నీదే కదా అన్నాడు.

తర్వాత సాక్షిగా నన్ను పిలిచారు. ఏసీ గది, పెద్ద బల్ల, దొర పక్కన సూపర్‌వైజర్, ఓ మూల టైపు చేసే అమ్మాయి. మా వదిన పని ఎంత పద్ధతిగా చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదని నేను ఛాతీ విరుచుకుని వెళ్లాను. ఆమె పని ఎలా మొదలుపెడుతుందో చెప్పమన్నాడు దొర.

"పొద్దున్నే మందు చుక్క వేయందే పని మొదలుపెట్టదండీ మా వదిన" అన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "రోజూనా?"

"ఒక్కరోజు మానితే ఒట్టు. ఇరవై రెండేళ్లుగా అంతే."

"మందు ఎక్కడ దాస్తుంది?"

"లాకర్లో. తాళం వేసుకుంటుంది. ఇంకొకరిని ముట్టనివ్వదు."

"రోజుకి ఎంత?"

"రోల్‌కి ఒక చుక్క సార్. నలభై రోల్స్ వస్తే నలభై, యాభై వస్తే యాభై. ఓపిక అలాంటిది."

టైపు చేసే అమ్మాయి టకటకా కొడుతూనే ఉంది. దొర తల ఊపుతూ ఉన్నాడు. నాకేమో ఆయన మెచ్చుకుంటున్నాడనిపించింది. సూపర్‌వైజర్ బల్ల మీద పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, ఆ మూతనే చూస్తున్నాడు. వాడు ఒక్కసారి నోరు తెరిచి, సార్, మందంటే పరీక్ష ద్రవం అని ఉంటే సరిపోయేది. ఏళ్ల తరబడి పొద్దున్నే మందు చుక్క పడిందా అని అడిగిన నోరు ఆ పది నిమిషాలు పడిపోయింది. తర్వాత ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం నా ముందు పెట్టారు. మీరు చెప్పిందే, సంతకం పెట్టండి అన్నారు. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. చదివి చెప్పమని అడగడానికి మొహమాటపడ్డాను. పెద్దవాళ్లు, ఏసీ గది, లంచ్ టైమవుతోంది. సంతకం పెట్టేసి, బల్ల మీదున్న బిస్కెట్ కూడా ఒకటి తిని మరీ వచ్చాను. ఆ బిస్కెట్ గురించి ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్లూ.

వారం తర్వాత వదిన పేర ఉత్తరం వచ్చింది. మా ఆయన కూడబలుక్కుంటూ చదివాడు. విధుల్లో ఉండగా రోజూ మద్యం సేవిస్తుందనీ, మద్యం సీసా లాకర్లో దాచుకుంటుందనీ, ఒకే ఇంట్లో ఉండే బంధువే ఇరవై రెండేళ్ల అలవాటని వాంగ్మూలం ఇచ్చిందనీ, ఆ మత్తులోనే తప్పు ముఖం మీద స్టిక్కరు అంటించిందనీ, దీనికి రెండో విచారణలో జవాబు చెప్పుకోవాలనీ అందులో ఉంది. రోజుకు నలభై చుక్కలు తాగే మనిషి ఇరవై రెండేళ్లు నిలబడి పని చేస్తుందా అని ఆలోచించే బుర్ర ఒక్కడికీ లేదా? ఆ మందు నిజంగా గొంతులో పోసుకుంటే మనిషి దక్కదని సీసా మీద పుర్రె బొమ్మ వేసుంది కదా? అసలు దొర నిజంగానే పొరపాటు పడ్డాడో, పొరపాటు పడటం వాళ్లకు కలిసొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

వదిన అరుస్తుందనుకున్నాను. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. అలా చేసినా బాగుండేది. నేను ఏం చెప్పానో మొత్తం మళ్లీ చెప్పించుకుంది. తర్వాత అంది: "నువ్వు అన్న మాటకు నాకు కోపం లేదే. మెచ్చుకుంటూనే అన్నావు. అందులో ఏముందో చూడకుండా సంతకం ఎలా పెట్టావే?" ఆవిడ తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

మర్నాటి నుంచి చిన్న స్టవ్ తెచ్చుకుని ముందు గదిలోనే వండుకుంది. పంతొమ్మిది రోజులు నాతో ఒక్క మాట లేదు. మా ఆయన ఇద్దరి మధ్యా గిన్నెలు పట్టుకుని తిరిగేవాడు, ఆ గిన్నెలూ అలాగే వెనక్కి వచ్చేవి. ఈలోగా గేటు దగ్గర నోటీసు వెలిసింది. వదిన కూరగాయలకు వెళ్తే, మా సెక్షన్‌వాడే ఒకడు రోడ్డుకు అవతల నుంచి, చుక్కమ్మా, మందు చుక్క పడిందా అని కేకేశాడట. ఎప్పుడూ అనే మాటే. ఆవిడ సంచి అక్కడే వదిలేసి ఇంటికొచ్చేసింది. వాడి నోరు పడిపోను! ఆ సంచి కోసం వెళ్లి వాణ్ణి నడిరోడ్డు మీద కడిగి ఆరేసి వచ్చాను. దానివల్ల ఒరిగిందేమీ లేదు. వదిన బయటికి రావడం మానేసింది.

ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. ఫిల్మ్ కంపెనీలు ఇంకా నాలుగున్నాయి. కానీ ఎక్కడికి వెళ్లినా పాత చోట ఎందుకు మానేశావని అడుగుతారు, ఫోన్ చేసి కనుక్కుంటారు. తాగుబోతు వేసిన స్టిక్కరును ఎవడు నమ్మి మెషీన్ ఎక్కిస్తాడు? ఆవిడకున్న ఆస్తి ఆ నమ్మకమొక్కటే. అది నా సంతకంతో పోయింది, కాబట్టి తిరిగి తేవలసింది నేనే.

నేను ప్రింటరు దగ్గరికి వెళ్లాను. కొట్టుకు వెళ్లేసరికి ఆయన నామీద విరుచుకుపడ్డాడు, మీ కంపెనీవాళ్లు నన్ను నిండా ముంచారని. ఆయన తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, వాపసు ఇచ్చేశాక ఒక్క రోల్ అయినా మిగిలిందా అని అడిగాను. మెషీన్ మీద సగంలో ఆపిన రోల్ ఒకటి ఉంది, కోపంతో వాపసు కూడా పంపలేదన్నాడు. మా వదిన గురించి చెప్పాను. పదిహేనేళ్లుగా ఏడో నంబరు చూసి కళ్లు మూసుకుని ఎక్కిస్తున్నానమ్మా, ఆ నంబరు ఆడమనిషిదని కూడా నాకు తెలియదన్నాడు. రెండో విచారణ రోజు ఆ రోల్‌ను భుజాన వేసుకుని గేటు దగ్గర గొడవపడి మరీ లోపలికొచ్చాడు. కొనుక్కునేవాడు కాబట్టి దొర కూర్చోండి అనక తప్పలేదు.

వదిన లాకరు తెరిపించి సీసా తెప్పించింది. పుర్రె బొమ్మను దొర వైపు తిప్పి బల్ల మీద పెట్టింది. రోల్ నుంచి మూరెడు ఫిల్మ్ కోసి పరిచింది. స్టిక్కరున్న వైపు ఒక చుక్క వేసి దూదిపుల్లతో పామింది. ఎర్రటి ద్రవం ముడుచుకుపోయి పూసలైపోయింది. సరే, తప్పు వైపు అంటించావన్నమాట అన్నాడు దొర. వదిన ఫిల్మ్‌ను తిరగేసి రెండో వైపు చుక్క వేసింది. అక్కడా పూసలే. రెండు వైపులా పచ్చే. ఆ ఫిల్మ్ అసలు కడ్డీ కిందికే వెళ్లలేదు. వెళ్లని ఫిల్మ్‌కు తప్పు ముఖమేమిటి, ఒప్పు ముఖమేమిటి?

"నేను చూసి ఉంటే ఇది లారీ ఎక్కేది కాదు సార్. మందు చుక్క అంటే ఇది. కావాలంటే తాగి చూపించండి" అంది వదిన.

దొర ముఖం చూస్తే ఆయనకు అంతా అర్థమైందని తెలిసిపోతోంది. అర్థమయ్యాక ఆయన చేసిన పని చూడండి, అది చూశాకే నాకు మనుషుల మీద నమ్మకం పోయింది. వదినను, ప్రింటరును బయట కూర్చోమని, నన్ను, సూపర్‌వైజర్‌ను మాత్రం ఉండమన్నాడు. స్టిక్కరు ఆరోపణ కొట్టేస్తామన్నాడు. తాగుడు సంగతి మాత్రం ఫైలుకెక్కిపోయింది, నీ సంతకం ఉంది, కాబట్టి తీసెయ్యడం కుదరదు అన్నాడు. ఇన్నేళ్ల సేవను చూసి ఆమెను క్షమించి పనిలోకి తీసుకుంటామన్నాడు. క్షమించడమట! తాగని మందుకు క్షమాపణ! అలా కాదని నేను మాట వెనక్కి తీసుకుంటే విచారణలో అబద్ధం చెప్పినట్టవుతుంది, అందుకు నా ఉద్యోగం పోతుంది అన్నాడు. ఆలోచించుకో, ఇద్దరి ఉద్యోగాలూ ఉండాలో ఒకటే ఉండాలో అన్నాడు, అదేదో నాకు మేలు చేస్తున్నట్టు.

తెల్ల కాగితం ఇవ్వమన్నాను. టైపు చేయిస్తాం అన్నాడు. అక్కర్లేదు, నేనే రాస్తాను, నాకొచ్చిన భాషలోనే రాస్తాను అన్నాను. మందు అంటే ఏమిటో రాశాను. నాకు రాని భాషలో టైపు చేసిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టడం నా తప్పని రాశాను. నేను చెబుతున్నది తప్పుగా అర్థం చేసుకుంటున్నారని తెలిసి కూడా సూపర్‌వైజర్ పక్కనే కూర్చుని మాట్లాడలేదని రాశాను. మా వదిన జీవితంలో మద్యం ముట్టలేదని రాశాను. రాసి, దాన్ని సూపర్‌వైజర్ ముందుకు తోసి, పైకి చదవమన్నాను. చదవనన్నాడు. అయితే నేను సంతకం పెట్టను, బయట కూర్చున్న ప్రింటరును పిలిచి చదివిస్తాను అన్నాను. దొర విసుక్కుంటూ చదవమని సైగ చేశాడు. వాడు చదివాడు. తన గురించి రాసిన వాక్యం దగ్గర గొంతు తగ్గించాడు. వినబడలేదు, మళ్లీ చదువు అన్నాను. మళ్లీ చదివాడు. అప్పుడు సంతకం పెట్టాను.

రేపటి నుంచి రావద్దని దొర అక్కడే చెప్పేశాడు. సూపర్‌వైజర్‌కు ఏమైందనేగా? ఏమీ కాలేదు. స్టోర్స్‌కు మార్చారు, అక్కడ కుర్చీ ఇంకా మెత్తగా ఉంటుందట. నోటీసు మాత్రం ఆ సాయంత్రమే పీకించారు. ఫైల్లో ఆ వాక్యాలు కొట్టేసి దొర పక్కన సంతకం చేశాడు. నేను దగ్గరుండి చూశాను.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. అతను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. కాసేపటికి వంట మొదలుపెట్టాను. కోపమంతా కూరగాయల మీద చూపిస్తున్నాను, కత్తిపీట కూడా భయపడి ఉంటుంది. ముందు గది తలుపు తెరుచుకున్న చప్పుడైంది. వదిన వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. పంతొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి. నేను వెనక్కి తిరగలేదు.

"సోమవారం రమ్మన్నారు, వెళ్తాను. వెళ్లకపోతే నిజమే అనుకుంటారు" అంది.

నేను ఊఁ అన్నాను.

"నీకు ఉద్యోగం లేదట."

"లేదు."

తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఈసారైనా చదివావా?"

"నేనే రాశాను వదినా. రెండుసార్లు చదివించాకే పెట్టాను సంతకం."

వదిన లేచి, పైన పెట్టేసిన తన కంచం దింపి, కడిగి, మా కంచాల పక్కన పెట్టింది.